కాయ కాని మాచికాయ

హిందూపురము బజారులో పచారు దినుసులమ్ము పాత అంగడికి వెళ్లి మాచికాయ కావలెనని అడిగినచో, అంగడివాడు కరక్కాయల డబ్బా ప్రక్కనున్న డబ్బా తీసి, నాలుగు గుండ్రని గట్టి కాయలను కాగితమున పొట్లము కట్టి యిచ్చును. అవి ఉసిరికాయకంటె చిన్నవి. పైని మొటిమలవంటి బొడిపెలుండును. రంగు బూడిదవన్నె. నోట వేసికొన్నచో నాలుక మొద్దుబారునంతటి వగరు. పసిబిడ్డలకు సానరాయిమీద అరగదీయు దినుసులలోను, చిగుళ్లు గట్టిపడుటకై నూరు పండ్లపొడిలోను మన ఇండ్లలోని పెద్దలు దీనిని వాడుచు వచ్చిరి.

కరక్కాయ కరక చెట్టున కాయును. ఉసిరికాయ ఉసిరి చెట్టున కాయును. మఱి మాచికాయ కాయు చెట్టేది? వినాయకచవితి పూజకు తెచ్చు మాచిపత్రికిని దీనికిని సంబంధము లేదు. అది వేఱు మొక్క. హిందూపురమునగాని, పెనుకొండ కొండలలోగాని, ధర్మవరము చెఱువు క్రిందగాని మాచికాయ చెట్టును చూచితిమని చెప్పువారు లేరు. ఏలయన మాచికాయ కాయయే కాదు. అది ఒక చిన్న కీటకము నివసించిన ఇల్లు. అదియు ఆ కీటకము తాను కట్టినది కాదు, ఒక చెట్టుచేత కట్టించుకొన్నది.

ఆ చెట్టును మన పుస్తకములలో సిందూర వృక్షమని వ్రాయుదురు; ఆంగ్లేయులు ఓక్ అందురు. హిమాలయపు వాలులందును ఈశాన్య భారతమునందును ఈ జాతి వృక్షములు కలవు గాని, మన దక్షిణాపథమున తనంత పెరుగు సిందూరము లేదు. మాచికాయనిచ్చు సిందూరము టర్కీ, సిరియా, ఇరాను దేశముల కొండలలోని పొట్టి చెట్టు. దాని లేత మొగ్గలలో ఒక కందిరీగ గ్రుడ్డు పెట్టును. కందిరీగయనగానే మన చూరుక్రింద గూడు కట్టి, పిల్లలు రాయి విసరినంతనే వెంటబడు పసుపుపచ్చని కందిరీగను తలచుకొనరాదు. ఇది చీమకంటె ఏమంత పెద్దది కాదు. మనుష్యుల జోలికి రాదు. గ్రుడ్డునుండి వెలువడిన పురుగు తన స్రావములచేత మొగ్గ యొక్క పెరుగుదలను మార్చివేయును. ఆకునో రెమ్మనో నిర్మింపవలసిన చెట్టు, పురుగు చుట్టును ఒక గుండ్రని గోడను నిర్మించును. లోపలి మెత్తని పొర పురుగునకు ఆహారము. వెలుపలి గట్టి పొర దానికి కోట. ఆ కోటగోడ నిండ వగరు. మంచి మాచికాయ తూకములో సగముకంటె ఎక్కువ ఆ వగరు పదార్థమే యుండును. శాస్త్రజ్ఞులు దీనిని టానిన్ అందురు. మన ప్రాంతపు తంగేడు చెక్కలో నుండి తోలును పదును చేయునదియు ఇట్టి పదార్థమే.

పురుగు ఎదిగి రెక్కలు వచ్చిన పిదప గోడకు బెజ్జము చేసికొని ఎగిరిపోవును. కనుకనే వర్తకులు మాచికాయలను రెండు తరగతులుగా విభజింతురు. బెజ్జము లేనిది, నీలిపచ్చగా నుండునది, పురుగు లోపల నుండగనే కోసినది. వగరు ఎక్కువ, వెల ఎక్కువ. బెజ్జమున్నది తెల్లబడి తేలికయైనది. దాని వెల తక్కువ. సిరియాలోని అలెప్పో నగరము ఈ సరకునకు పెద్ద సంత యగుటచే ఐరోపావారు దీనిని అలెప్పో కాయ యనిరి. మన దేశమునకు ఇది పారసీక ఖాతముమీదుగా ఓడలలో బొంబాయికి వచ్చి, అచటినుండి ఊరూరి అంగళ్లకు చేరెను. హిందీవారు మాజూఫల్ అందురు. మాజూ పారసీక పదము. దానికి ఫలమును చేర్చినది మనవారు. తెలుగువారు కాయ యనిరి. చెట్టుకు వ్రేలాడునది, గుండ్రనిది, ఎండబెట్టి అమ్మునది, కాయ గాక మఱేమనుకొందురు?

ఈ పొరపాటు మనవారిది మాత్రమే కాదు. బెజ్జములోనుండి కీటకము వచ్చుట అన్ని దేశములవారును చూచిరి. చూచియు, పురుగు చెట్టులో తనంత తాను పుట్టినదని నమ్మిరి. 1668లో ఇటలీ దేశమున ఫ్రాన్సిస్కో రెడీ అను వైద్యుడు ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. కుళ్లిన మాంసమున పురుగులు తమంత పుట్టవనియు, ఈగలు వ్రాలి గ్రుడ్లు పెట్టినందుననే పుట్టుననియు, పాత్రల మూతికి పలుచని గుడ్డ కట్టి ఆయన నిరూపించెను. జీవమునకు జీవమే మూలమని చెప్పిన మొదటివారిలో నాతడొకడు. అట్టి రెడీ చెట్ల బుడిపెలలోని పురుగుల కడకు వచ్చునప్పటికి తడబడెను. చెట్టునందలి జీవశక్తియే ఆ పురుగును సృజించునని వ్రాసెను! మాంసము విషయమున పట్టుదలతో నిలువరించిన నమ్మకమును చెట్టు విషయమున చేతులార లోనికి రానిచ్చెను. పెద్దవారి పొరపాట్లలో ఇంతకంటె ఆసక్తికరమైనది నాకు కనబడలేదు.

ఆ పొరపాటును దిద్దినవాడు మార్చెల్లో మాల్పీగీ. బొలోన్యా నగరపు వైద్యుడు. సూక్ష్మదర్శినితో ఊపిరితిత్తులను పరీక్షించి, కేశనాళికలను మొదట చూచినవాడును ఈతడే. 1679లో ప్రకటించిన వృక్షశాస్త్ర గ్రంథభాగమున మాల్పీగీ ఈ బుడిపెలకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కేటాయించెను. సిందూరపు మొగ్గపై ఆడకీటకము కూర్చుండి గ్రుడ్లు పెట్టు సాధనమును లోనికి గ్రుచ్చుట ఆయన కన్నులార చూచెను. మొగ్గను విప్పి గ్రుడ్లను కనుగొనెను. వేల సంవత్సరముల నమ్మకము ఒక మొగ్గలో ముగిసెను.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1881లో హెర్మన్ ఆడ్లర్ అను జర్మన్ వైద్యుడు, ఈ కందిరీగలలో పెక్కింట ఒక తరము ఒక విధమైన బుడిపెను, మఱుతరము వేఱు విధమైన బుడిపెను కట్టించునని తేల్చెను. తల్లికిని కూతునకును పోలిక లేదు. మనుమరాలు అమ్మమ్మ పోలిక. అంతకుముందు వీనిని వేర్వేఱు జాతులని పేర్లుపెట్టియుండిరి. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సీ లక్షలకొలది కందిరీగలను, బుడిపెలను సేకరించి 1930లో పెద్ద గ్రంథము వ్రాసెను. తరువాత ఆయన వేఱొక విషయమున ప్రసిద్ధుడయ్యెను. అది ఇక్కడి ప్రసంగము కాదు. మన దేశమున ఎం. ఎస్. మణిగారు చెట్ల బుడిపెలకే జీవితమును ధారపోసి 1964లోను 1973లోను రెండు ప్రామాణిక గ్రంథములు వెలువరించిరి.

మాచికాయ చరిత్రలో గొప్ప స్థానము సంపాదించినది మందుగా కాదు, సిరాగా. కాయలను దంచి నీటిలో కొన్నిదినములు నానవేయుదురు. ఆ కషాయమున అన్నభేది కలుపుదురు. అన్నభేది ఇనుమునుండి వచ్చు పచ్చని లవణము. తుమ్మజిగురు చేర్చి చిక్కబఱచుదురు. ఇంతియే. వ్రాసినప్పుడు అక్షరము పాలిపోయినట్లుండును. గాలి తగిలినకొలది నల్లబడును. వగరును ఇనుమును కలిసి కాగితపు నారలోనికి దిగిపోవును. పిదప నీట తడిపినను పోదు. ఇనుమును వగరును కలిసిన నల్లబడునను సంగతి రోమకులకును తెలియును. మాచికాయ రసమున తడిపిన కాగితపు రెల్లుతో కల్తీగా కలిపిన అన్నభేదిని పట్టుకొను ఉపాయమును మొదటి శతాబ్దమున ప్లినీ వ్రాసిపెట్టెను.

ఐరోపాలో వేయి సంవత్సరములకు పైగా శాసనములు, దస్తావేజులు, ఉత్తరములు, సంగీతకారుల స్వరలేఖనములు ఈ సిరాతోనే వ్రాయబడెను. 19వ శతాబ్దమున అందులో నీలిమందు కలిపి, వ్రాసిన వెంటనే కనబడునట్లు చేసిరి. మన కడప మండలపు నీలిమందు ఆనాడు ఐరోపాకు ఎగుమతి యగుచుండెడిది. పాఠశాలలలో మనము బ్లూబ్లాక్ అని పిలిచిన సిరాకు మూలపురుషుడిదే. ఇంగ్లండున వివాహముల రిజిష్టర్లు 2021 వరకును ఇట్టి సిరాతోనే వ్రాయబడినవి.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1565లో రాక్షసితంగడి యుద్ధము జరిగిన పిదప తిరుమలరాయలు విజయనగరమును విడిచి పెనుకొండను రాజధాని చేసికొనెను. ఆనాటి పెనుకొండ వ్రాత మూడు విధములు. శాశ్వతముగా నుండవలసినది రాతిమీద ఉలితో చెక్కబడెను. గ్రంథములు తాటాకుమీద గంటముతో గీయబడి, ఆ గీతలలో మసి పూయబడెను. లెక్కలు కడితములలో వ్రాయబడెను. కడితమన, గుడ్డకు చింతగింజల గంజియు బొగ్గుపొడియు పట్టించి నల్లగా చేసి మడతలు పెట్టిన పుస్తకము. దానిపై బలపముతో వ్రాయుదురు, అవసరము తీరిన చెఱిపి మరల వ్రాయుదురు. కాగితముమీద వ్రాయునప్పుడు మనవారి సిరా దీపపు మసియు జిగురును కలిపినది. మసి సిరా కాగితముపై కూర్చుండును గాని లోనికి దిగదు. తడిసిన చెదరును, కాని కాగితమునకు హాని చేయదు.

1800లో నిజాము ఈ మండలములను కుంపిణీకి దత్తము చేసెను. థామస్ మన్రో ముఖ్య కలెక్టరుగా 1807 వరకు ఇచట పనిచేసి, పొలము వెంబడి పొలము కొలిపించి, రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు పద్ధతిని స్థిరపఱచెను. ఆ పనితో పాటు మన ప్రాంతమున కాగితము వెల్లువయయ్యెను. గ్రామమున కరణము కడితమును విడువలేదు గాని, దొరల కచేరీలనుండి మద్రాసునకును, మద్రాసునుండి లండనునకును నడచిన ఉత్తరప్రత్యుత్తరములు బాతు ఈకతోను మాచికాయ సిరాతోను వ్రాయబడు కాలమది. హిందూపురపు చింతతోపునకు ఎంత శిస్తు, ధర్మవరపు చెఱువు గట్టునకు ఎంత ఖర్చు, పెనుకొండ రైతు ఎన్ని వరహాలు బాకీ, ఇట్టి సంగతులు ఎక్కడనో సిరియా కొండలలోని పురుగు ఇంటిని దంచి తీసిన రసముతో శాశ్వతములైనవి.

శాశ్వతమను మాటకడ కొంత ఆగవలెను. ఈ సిరాకు ఒక దుర్గుణము కలదు. అన్నభేది పాలు ఎక్కువైనచో సిరాలో ఆమ్లము మిగిలిపోవును. కలియక మిగిలిన ఇనుము కాగితపు నారను మెల్లమెల్లగా కాల్చివేయును. మొదట అక్షరము చుట్టును గోధుమవన్నె నీడ కనబడును. తరువాత వెనుకప్రక్కకు దిగును. కడపట అక్షరమున్న చోటనే కాగితము చిల్లులు పడి, పుట తిప్పినంతనే అక్షరముల ఆకారముగా రాలిపోవును. తేమయున్న చోట ఇది త్వరగా జరుగును. జర్మన్ సంగీత మహావిద్వాంసుడు బాక్ స్వహస్తముతో వ్రాసిన స్వరపత్రములు ఇట్లే శిథిలములు కాగా వానిని కాపాడుటకు ఎంతో శ్రమపడవలసివచ్చెను. ధాన్యపు గింజలలో సహజముగా నుండు ఫైటేటు అను పదార్థమునకు ఆ విడి ఇనుమును బంధించు శక్తి కలదని 1990 తరువాత నెదర్లండు దేశపు నిపుణులు కనుగొని, చికిత్సావిధానము నేర్పఱచిరి. మన మసి సిరాతో వ్రాసిన కాగితమునకు చెదపురుగు శత్రువు, వాన శత్రువు, దీపము శత్రువు. వ్రాత మాత్రము శత్రువు కాదు. మాచికాయ సిరాకు వ్రాతయే శత్రువు. ఇంట తాతల నాటి ఆంగ్ల దస్తావేజులున్నవారు వానిని మడతలు విప్పి, తేమ తగులని చోట, ఆమ్లము లేని కాగితముల నడుమ ఉంచుట మంచిది. మడత విఱిగినచోటనే అక్షరము మొదట రాలును.

ఇంత వగరునకై మన దేశము అలెప్పోను ఆశ్రయింపవలసి యుండెనా? లేదు. హిందూపురమునకు పదునైదు కిలోమీటర్ల దూరమున లేపాక్షి దేవాలయపు కప్పుమీది చిత్రములను చూచినవారు, ఆ స్త్రీపురుషుల వస్త్రములపై నున్న అంచులను, గళ్లను, పూవులను మఱువలేరు. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన ఆ గుడిలో, దాదాపు ఐదు వందల యేండ్లనాటి వస్త్రములు గోడమీద నిలిచియున్నవి. ఆ వస్త్రములకు రంగులేవి, ఎట్లద్దిరి అను సంగతి చిత్రము చెప్పదు. కాని అద్దకపు పద్ధతి తెలుగుదేశమున నేటికిని నిలిచిన చోట్లు కలవు. శ్రీకాళహస్తి కలంకారీవారు గుడ్డను కరక్కాయ రసమునను పాలలోను ముంచి ఎండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టిన ద్రవముతో దానిపై గీతలు గీయుదురు. గీసిన వెంటనే గీత నల్లబడును. కరక్కాయ వగరు, ఇనుము. మాచికాయ సిరాలో జరుగునదియు ఇదియే. సిరాకు కాగితమునందు జరిగినది, కలంకారీకి గుడ్డయందు జరిగినది.

అంతకంటె విశేషమొకటి కలదు. కరక చెట్టు లేత ఆకులమీద కూడ ఒక కీటకము గ్రుడ్లు పెట్టును. అది సిందూరపు కందిరీగ కాదు, వేఱొక కీటకము. ఆకు ఉబ్బి, బోలుగా, వంకర టింకరగా ఒక బుడిపె యేర్పడును. మనవారు దీనిని కరకపువ్వు అందురు. మాచికాయ కాయ కానట్లే కరకపువ్వు పువ్వు కాదు! సామర్లకోటలో తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు, 1795లో మొదటి సంపుటము వెలువడిన తన కోరమండల వృక్షముల గ్రంథమున ఈ బుడిపెలను వర్ణించెను. ఇవి సిందూరపు బుడిపెలకు తీసిపోని సిరానిచ్చుననియు, తీరమందలి అద్దకపువారికి మిక్కిలి మంచి పసుపురంగు, చెదరని పసుపురంగు, వీనినుండియే లభించుననియు వ్రాసెను. ఒక కీటకము లేత ఆకును పొడిచి గ్రుడ్లు పెట్టుటచే ఇవి కలుగునని చెప్పుదురని కూడ వ్రాసెను. చెప్పినవారెవరో ఆయన వ్రాయలేదు. చెట్టును ఎఱిగినవారు, ఏ ఋతువున బుడిపె కోయవలెనో ఎఱిగినవారు, అద్దకపువారును వారికి సరకు తెచ్చు అడవివారును గాక మఱెవరు చెప్పియుందురని నా ఊహ. రెడీకి అందని సంగతి వారికి అందియుండవచ్చును. పేరు మాత్రము పుస్తకమున ఒక్కరిదియు లేదు.

1856 తరువాత రసాయనపు రంగులు పుట్టి ఈ వ్యాపారమునంతను మార్చివేసెను. ధర్మవరపు పట్టుచీరకు నేడు వేయునవి ఆ రంగులే. ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారికి మాత్రము వగరుతో పని లేదు. వగరు పట్టినచో తోలు మందమై వెలుగును ఆపును. వారికి వెలుగు దూరు తోలు కావలెను.

సిందూరము లేని మన ప్రాంతమున బుడిపె కట్టు కందిరీగలు కూడ లేవని అనుకొనవలదు. ప్రతి మేడిచెట్టునను అవి యున్నవి. మేడిపండునకును పురుగులకును గల సంబంధము తెలుగు పిల్లవాని కెవ్వరును చెప్పనక్కఱలేదు. వేమన పద్యము చెప్పియే యున్నది. ఆ వేమన సమాధి మన కదిరి ప్రాంతపు కటారుపల్లెలోనే కలదు. వేమన మేడిపండు విప్పి పిఱికివాని గుండెను చూపెను. కీటకశాస్త్రజ్ఞుడు అదే పండు విప్పి వేఱొకటి చూపును.

మేడిపండు పండు గాక ముందు తలక్రిందులైన పూలగుత్తి. వందలకొలది చిన్న పూలు లోపలిప్రక్కకు తిరిగియుండును. చీమకంటె చిన్నదైన ఆడకందిరీగ, కాయ కొనయందలి ఇఱుకు రంధ్రమున దూరును. దూరునప్పుడు రెక్కలు తెగిపోవును. లోపల కొన్ని పూలలో గ్రుడ్లు పెట్టును. ఆ పూల అండాశయములు ఉబ్బి చిన్న చిన్న బుడిపెలగును. మిగిలిన పూలకు తాను తెచ్చిన పుప్పొడి నిచ్చి, అక్కడనే చనిపోవును. ఆ పూలలో గింజలు కట్టును. సిందూరపు కందిరీగ చెట్టునకు తిరిగి ఇచ్చునది లేదు. మేడి కందిరీగ ఇంటి అద్దె చెల్లించును. అది రాని యేట మేడికి ఒక్క మొలకెత్తు గింజయు లేదు.

మఱ్ఱికిని ఇట్లే వేఱొక కందిరీగ కలదు. కదిరికి సమీపమున గూటిబైలు వద్దనున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిస్ గ్రంథమున ప్రపంచమున కెల్ల పెద్ద మఱ్ఱిగా ఎక్కినది. దాని నీడ నాలుగున్నర ఎకరములకు మించినది. ఊడలు దిగి ఊడలు దిగి అది ఇంత పెరిగినను, మొదటి గింజ మాత్రము ఎక్కడనో ఒక మఱ్ఱిపండులో, రెక్కలు తెగిన ఒక కందిరీగ మోసికొని వచ్చిన పుప్పొడివలననే కట్టియుండవలెను.

ఈ సంగతి ఇంటివద్దనే చూడగోరువారు మేడికాయ పూర్తిగా పండకముందు, ఎఱుపు తిరుగు సమయమున కోసి, కత్తితో నిలువుగా రెండు చెక్కలు చేయవలెను. పండినదైనచో కందిరీగలు అప్పటికే వెడలిపోయియుండును. చెక్కను తెల్లకాగితముమీద బోర్లించి తట్టిన, కదలుచున్న కీటకములు రాలును. రెక్కలుండి నల్లగా నిగనిగలాడునవి ఆడవి. రెక్కలు లేక పాలిపోయి, వంగి నడచునవి మగవి. అవి పండు గోడకు బెజ్జము తొలిచి, ఆడవానికి దారి ఇచ్చి, తాము లోపలనే ఉండిపోవును.